దాణా చీటీ చదవడం నేర్చుకొందాం



పాడి పశువు మీద మనం పెట్టే ఖర్చులో సగానికి పైగా మేతకు, దాణాకే పోతున్నది. అయినా విత్తనం కొనేటప్పుడు చూపే జాగ్రత్త మనం దాణా కొనేటప్పుడు చూపము. తవుడు కొనేవారు గుప్పిట పట్టి చూస్తారు. వాసన చూస్తారు. చిటికెడు నోట్లో వేసుకొని ఇసుక తగులుతుందేమో చూస్తారు. చెక్క అయితే విరిచి చూస్తారు. ఈ పరీక్షలు మంచివే, మానవలసిన పని లేదు. కాని ఒకే రంగు, ఒకే వాసన గల రెండు తవుళ్ళలో ఒకటి పాలు ఇప్పించవచ్చు, రెండవది పొట్ట మాత్రమే నింపవచ్చు. ఆ తేడా కంటికి కనబడదు. దానిని తెలుసుకొనడానికే ప్రయోగశాలలో పరీక్షలు ఉన్నవి. ఆ పరీక్షల ఫలితమే సంచి మీద, చీటీ మీద అంకెలుగా వస్తుంది: మాంసకృత్తులు ఇంత, క్రొవ్వు ఇంత, పీచు ఇంత అని.

ఆ అంకెలలో అబద్ధం లేకపోవచ్చు. అయినా అంకె దేనిని కొలిచిందో తెలియనివాడు నిజమైన అంకెను చూచి కూడా మోసపోతాడు. కాబట్టి ఒక్కొక్క అంకె ఎట్లా పుడుతుందో, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో ఈ ప్రసంగంలో తెలుసుకొందాం.

మొదటి పరీక్ష మీ ఇంటి దగ్గరే జరుగుతుంది. అదే నమూనా తీయడం. ప్రయోగశాలలో మాంసకృత్తుల పరీక్షకు వాడే దాణా ఒకటి రెండు గ్రాములు మాత్రమే. ఇరవై సంచుల దాణా ఎట్టిదో ఆ చిటికెడు చెప్పవలె. పై సంచిలో చేతికి దొరికిన గుప్పెడు తీసి పంపితే, వచ్చే చీటీ ఆ గుప్పెడును గురించే చెబుతుంది గాని మీ సరుకును గురించి చెప్పదు. అందువలన కనీసం అయిదారు సంచులనుండి, ఒక్కొక్క సంచిలో పైన, నడుమ, అడుగున తీయండి. అంతా ఒక శుభ్రమైన పట్టా మీద పోసి బాగా కలపండి. కుప్పను చదును చేసి నాలుగు భాగాలుగా గీయండి. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు తీసివేసి, మిగిలిన రెండింటిని మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేయండి. ఇట్లా అరకిలో మిగిలేవరకు చేసి, గాలి చొరని సంచిలో కట్టి పంపండి. గడ్డివామి నుండి తీసేటప్పుడు ఎండకు, వానకు తగిలిన పైపొర కాక లోపలి గడ్డి కూడా తీయవలె. పచ్చిమేత అయితే పొలంలో నాలుగైదు చోట్ల కోసి, ముక్కలు చేసి, కలిపి, అక్కడికక్కడే తూచి బరువు వ్రాసుకోవలె. ఆలస్యమైన కొద్దీ నీరు ఆరిపోయి లెక్క తప్పుతుంది.

కార్యకర్తలు నమూనా సంచి మీద మేత పేరు, రకం, ఎన్ని రోజుల పైరు, పూత దశా గింజ దశా, కోసిన తేది తప్పక వ్రాయవలె. ఇవి లేని చీటీ మరుసటి సంవత్సరం ఎవరికీ పనికిరాదు.

ఇక ప్రయోగశాల లోపలికి వెళదాం. ఈనాటికీ ఎక్కువ చోట్ల వాడుకలో ఉన్న పద్ధతి జర్మనీ దేశంలో పుట్టింది. గోటింగెన్ పట్టణం దగ్గర వేండె అనే చోట ఉన్న ప్రయోగ కేంద్రంలో హెన్నెబెర్గ్, స్టోమాన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1860 దశకంలో దీనిని ఏర్పరచారు. దీని ప్రకారం ఏ మేతనైనా ఆరు భాగాలుగా విడదీస్తారు: తేమ, బూడిద, మాంసకృత్తులు, క్రొవ్వు, పీచు, మిగిలిన పిండిపదార్థాలు.

తేమను కనుగొనడం సులభం. మేతను తూచి, సుమారు 105 డిగ్రీల సెంటీగ్రేడు వేడి గల పెట్టెలో ఇక బరువు తగ్గని వరకు ఆరబెట్టి మళ్ళీ తూస్తారు. తగ్గిన బరువే నీరు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. ఒక ఉదాహరణ చూడండి. పచ్చి హైబ్రిడ్ నేపియర్ గడ్డిలో 100 కిలోలకు 80 కిలోలు నీరే అనుకొందాం. మిగిలిన 20 కిలోల ఎండు పదార్థంలో మాంసకృత్తులు 9 శాతం ఉంటే, మొత్తం 1 కిలో 800 గ్రాములు అవుతుంది. ఎండు వరిగడ్డిలో 100 కిలోలకు నీరు 10 కిలోలే. మిగిలిన 90 కిలోలలో మాంసకృత్తులు మూడున్నర శాతం ఉంటే 3 కిలోల 150 గ్రాములు వస్తుంది. తేమతో కూడిన అంకెలను ప్రక్కప్రక్కన పెట్టితే నేపియర్ కంటె వరిగడ్డే గొప్పదనిపిస్తుంది! నీరు తీసివేసి చూస్తే ఒకటి 9, రెండవది మూడున్నర. కనుక చీటీ చేతికి రాగానే అడుగవలసిన మొదటి ప్రశ్న ఇది: ఈ అంకెలు ఉన్నది ఉన్నట్టుగా లెక్కించినవా, తేమ తీసి లెక్కించినవా? రెండు మేతలను పోల్చేటప్పుడు తేమ తీసిన అంకెలనే పోల్చవలె. మరొక మాట. చెక్కలో, దాణాలో తేమ 12 శాతం దాటితే బూజు పట్టుతుంది. నీళ్ళకు దాణా ధర ఇచ్చిన నష్టం ఒకటి, బూజు వలన నష్టం రెండవది.

రెండవది బూడిద. మేతను మూసలో వేసి 550 నుండి 600 డిగ్రీల కొలిమిలో కాల్చితే తెల్లని బూడిద మిగులుతుంది. సున్నం, భాస్వరం వంటి ఖనిజ లవణాలన్నీ అందులోనే ఉంటవి. బూడిద ఎక్కువ ఉన్నది కాబట్టి ఖనిజాలు ఎక్కువ అని సంతోషించకండి. ఇసుక కూడ బూడిదలోనే చేరుతుంది. అందుకని బూడిదను ఉదజహరికామ్లంలో మరిగిస్తారు. ఖనిజ లవణాలు కరిగిపోతవి. ఇసుక కరగదు. దీనినే ఆమ్లంలో కరగని బూడిద అంటారు. తవుడు కొనేవారు ఈ అంకెను తప్పక చూడవలె. ఊకలో స్వభావసిద్ధంగానే ఇసుక జాతి పదార్థం చాలా ఉన్నది. కనుక తవుడులో ఈ అంకె ఎక్కువైతే ఇసుకయినా కలిసి ఉండాలి, మెత్తగా ఆడిన ఊకయినా కలిసి ఉండాలి. వరిగడ్డిలో కూడ ఈ అంకె ఎక్కువే ఉంటుంది. అది కల్తీ కాదు, గడ్డి స్వభావం. ఇంటి దగ్గర ఒక గాజు గ్లాసు నీళ్ళలో గుప్పెడు తవుడు వేసి కలియబెట్టి కాసేపు ఉంచండి. ఇసుక అడుగున దిగుతుంది, ఊక చాలావరకు పైకి తేలుతుంది. లెక్క తెలియకపోయినా అనుమానం తీరుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. దాణా ధర నిర్ణయించేది మాంసకృత్తుల అంకె. దానిని ఎట్లా కొలుస్తారు? డెన్మార్కు దేశంలో కోపెన్‌హేగన్ నగరంలోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసిన యోహాన్ కెల్డాల్ అనే శాస్త్రజ్ఞుడు 1883లో ఈ పద్ధతిని ప్రకటించాడు. మేతను గాఢ గంధకామ్లంలో ఉడికిస్తారు. అందులోని నత్రజని అమ్మోనియా లవణంగా మారుతుంది. తరువాత క్షారం కలిపి కాస్తే అమ్మోనియా ఆవిరిగా వస్తుంది. దానిని పట్టి కొలుస్తారు. అంటే కొలిచినది నత్రజనిని గాని మాంసకృత్తులను కాదు. మాంసకృత్తులలో సగటున 16 శాతం నత్రజని ఉంటుంది గనుక, వచ్చిన నత్రజనిని 6.25 చేత హెచ్చించి మాంసకృత్తులు ఇంత అని వ్రాస్తారు. అందుకే చీటీలో దీనిని ముడి మాంసకృత్తులు అంటారు. ఆ ‘ముడి’ అనే మాటను తేలికగా తీసుకోకండి.

ఏమంటే, నత్రజని ఎక్కడినుండి వచ్చినా ఈ పరీక్షకు ఒకటే. మనం పొలంలో చల్లే యూరియాలో 46 శాతం నత్రజని ఉన్నది. దానిని 6.25 చేత హెచ్చిస్తే యూరియాలో 287 శాతానికి పైగా మాంసకృత్తులు ఉన్నట్టు లెక్క తేలుతుంది! నిజానికి అందులో మాంసకృత్తులు ఒక్క గ్రాము కూడ లేవు. 12 శాతం మాంసకృత్తులున్న తవుడు 99 కిలోలకు ఒక్క కిలో యూరియా కలిపితే చీటీలో సుమారు 14.8 శాతం కనిపిస్తుంది. నాసిరకం తవుడు మంచి తవుడు ధరకు అమ్ముడుపోతుంది. ఇటువంటి మోసం దాణాతోనే ఆగలేదు. 2008లో చైనా దేశంలో నీళ్ళు కలిపిన పాలలో మాంసకృత్తుల అంకె తగ్గకుండా ఉండడానికి మెలమిన్ అనే నత్రజని పదార్థం కలిపారు. ఆ పాలపొడి త్రాగిన పసిపిల్లలు వేల సంఖ్యలో మూత్రపిండాల జబ్బుతో మంచం పట్టారు, కొందరు చనిపోయారు. పరీక్షలో తప్పు లేదు. పరీక్ష దేనిని కొలుస్తుందో తెలిసినవారు దానిని దుర్వినియోగం చేశారు.

అయితే యూరియా పేరు వినగానే భయపడనక్కరలేదు. నెమరువేసే పశువు పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవులు కొంత యూరియాను వాడుకొని మాంసకృత్తులు తయారుచేస్తవి. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను నీళ్ళలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి మాగవేసే పద్ధతి శాస్త్ర సమ్మతమైనదే. అది మీరు తెలిసి, కొలిచి చేసే పని. తెలియకుండా దాణాలో వచ్చే యూరియా వేరు. అది ఒక్కసారిగా ఎక్కువైతే పశువు ఉబ్బి, వణకి, గంటలలో చనిపోగలదు. కోళ్ళకు, చిన్న దూడలకు అది మేత కానే కాదు. కనుక అనుమానం ఉన్నప్పుడు ముడి మాంసకృత్తులతో పాటు యూరియా పరీక్ష కూడ చేయుమని నమూనాతో వ్రాసి పంపండి. అడగకపోతే చేయరు.

ఇంటి దగ్గర ఒక స్థూల పరీక్ష ఉన్నది. వేయించని సోయాచిక్కుడు గింజల పిండిలో యూరియాను అమ్మోనియాగా విడగొట్టే గుణం ఉన్నది. నాలుగు చెంచాల దాణాకు ఒక చెంచా సోయా పిండి కలిపి, గోరువెచ్చని నీళ్ళతో తడిపి, సీసాలో పోసి మూత బిగించి అరగంట ఉంచండి. మీకు నమ్మకమైన దాణాతో మరొక సీసా కూడ అట్లాగే పెట్టండి. మూత తీసినప్పుడు మొదటి సీసాలో ఘాటైన అమ్మోనియా వాసన వచ్చి, రెండవదానిలో రాకపోతే ఆ సరుకును పరీక్షకు పంపవలె. ఇది అనుమానానికి ఆధారమే గాని తీర్పు కాదు.

నాలుగవది క్రొవ్వు. ఈథర్ అనే ద్రవాన్ని మేత గుండా మళ్ళీ మళ్ళీ పోనిచ్చి నూనెను కరిగించి తీస్తారు. దీనికి వాడే గాజు సాధనాన్ని 1879లో సోక్స్‌లెట్ అనే శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. పిండిపదార్థాలకంటె క్రొవ్వు రెండుంపావు రెట్లు శక్తి ఇస్తుంది. గానుగ చెక్కకు, మందుతో నూనె పూర్తిగా తీసిన చెక్కకు తేడా ఈ అంకెలోనే తెలుస్తుంది. నూనె తీసిన చెక్కలో, తవుడులో క్రొవ్వు ఒక శాతం దరిదాపుల ఉంటుంది. నూనె తక్కువైతే శక్తి తగ్గుతుంది. కాని మాంసకృత్తుల పాలు పెరుగుతుంది, నిలువ కూడ బాగుంటుంది. నూనె ఉన్న పచ్చి తవుడు మిల్లునుండి వచ్చిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది. కాబట్టి ఏది మంచిదని కాక, మీ పశువుకు ఏది తక్కువగా ఉన్నదో చూచి కొనవలె.

అయిదవది పీచు. వేండె పద్ధతిలో మేతను పలుచని గంధకామ్లంలో అరగంట, తరువాత పలుచని క్షారంలో అరగంట మరిగిస్తారు. కరగక మిగిలినది పీచు. ఈ అయిదింటి మొత్తాన్ని 100 నుండి తీసివేస్తే వచ్చేది ఆరవ భాగం, అంటే సులభంగా అరిగే పిండిపదార్థాలు అని లెక్క. ఇందులో ఒక చిక్కు ఉన్నది. ముదిరిన కాండానికి గట్టితనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థం పశువుకు అరగదు. కాని క్షారంలో అది కొంత కరిగిపోతుంది. కరిగినది లెక్కలో పిండిపదార్థాల పద్దులో పడుతుంది. ఈ విధంగా ఎండు గడ్డి, ముదురు చొప్ప ఉన్నదానికంటె మంచివిగా కాగితం మీద కనిపిస్తవి.

ఈ లోపాన్ని సవరించినవాడు వాన్ సోస్ట్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో 1960 దశకంలో ఆయన సబ్బు వంటి ద్రవాలతో మేతను ఉడికించే పద్ధతి కనిపెట్టాడు. తటస్థ ద్రవంలో ఉడికిస్తే కణాల లోపలి సారం కరిగిపోయి, కణాల గోడలు మిగులుతవి. చీటీలో దీనిని ఎన్‌డీఎఫ్ అని వ్రాస్తారు. ఆమ్లం కలిపిన ద్రవంలో ఉడికిస్తే ఇంకా గట్టి భాగం మాత్రమే మిగులుతుంది. అది ఏడీఎఫ్. రైతుకు వీటి అర్థం చాలా తేలిక. మొదటి అంకె పెరిగినకొద్దీ పశువు పొట్ట త్వరగా నిండి తక్కువ మేస్తుంది. రెండవ అంకె పెరిగినకొద్దీ మేసినది తక్కువ అరుగుతుంది. అయితే పీచు బొత్తిగా తగ్గితే పాలలో వెన్న తగ్గుతుంది. అదే జొన్న పూత దశలో కోస్తే ఒక రకం, గింజ ముదిరి కాండం పసుపు తిరిగిన తరువాత కోస్తే మరొక రకం. విత్తనం, ఎరువు, నీరు అన్నీ సమానమే. కోసిన రోజు తేడాయే ఈ అంకెల తేడా.

ఇంతవరకు చెప్పినవన్నీ గాజు గొట్టంలో జరిగే పరీక్షలు. పశువు పొట్టలో ఏమి జరుగుతుందో పశువే చెప్పవలె. అందుకే శాస్త్రజ్ఞులు పశువును కట్టివేసి, తిన్న మేతను, వేసిన పేడను రోజుల తరబడి తూచి, రెండింటిని పరీక్షిస్తారు. పది కిలోల ఎండు పదార్థం తిని నాలుగు కిలోల ఎండు పదార్థం పేడలో వదిలితే అరిగినది 60 శాతం. ఈ ప్రయోగాలలో తేలిన ఒక సత్యం మనవారందరికీ తెలియవలసినది: వరిగడ్డిలో మూడు నాలుగు శాతం మాంసకృత్తులు చీటీలో కనిపించినా, వాటిలో పశువుకు అరిగి వంటబట్టేది దాదాపు సున్న. వరిగడ్డి ఒక్కటే మేసే గేదె చిక్కిపోవడానికి కారణం ఇదే. దానికి తోడుగా పిల్లిపెసర, జనుము, అలసంద, లూసర్న్ వంటి పప్పుజాతి మేత గాని, చెక్క గాని తప్పదు. పశువును కట్టివేయకుండా తెలుసుకొనే ఉపాయం కూడ ఉన్నది. ఇంగ్లండులో టిల్లీ, టెర్రీ అనేవారు 1963లో పశువు పొట్టలోని ద్రవాన్ని గాజు పాత్రలోకి తీసి, అందులో మేతను అరిగించి చూచే పద్ధతి ప్రకటించారు.

ఇప్పుడు కొన్ని చోట్ల పరారుణ కాంతితో నిమిషాలలో అంకెలు ఇచ్చే యంత్రాలు వచ్చినవి. అవి మంచివే. కాని ఆ యంత్రానికి ముందుగా మన జొన్నచొప్ప, మన తవుడు వంటి సరుకుల నమూనాలతో, పాత పద్ధతిలో తీసిన అంకెలతో నేర్పి ఉండాలి. నేర్పని మేతను చూపితే యంత్రం కూడ అంచనాయే చెబుతుంది.

చీటీ అసలు మాటాడని విషయాలు రెండున్నవి. ఒకటి జొన్నలో విషం. లేత జొన్నలో, బెట్టకు వాడిన జొన్నలో సైనైడు విషం పుడుతుంది. ఆ జొన్నకు మాంసకృత్తుల అంకె చక్కగానే ఉంటుంది. అయినా పశువు ప్రాణం పోతుంది. దీనికి పిక్రేటు కాగితంతో వేరే పరీక్ష ఉన్నది. పసుపు కాగితం ఇటుక రంగుకు మారితే విషమున్నట్టు. రెండవది బూజు విషం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుపట్టని జబ్బుతో చచ్చిపోయినవి. వెదికి వెదికి చూడగా బ్రెజిల్ నుండి వచ్చిన వేరుసెనగ చెక్కలో బూజు వలన పుట్టిన విషం కారణమని తేలింది. దానికే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. ఇది దాణా నుండి పాలలోకి కూడ దిగుతుంది. వేరుసెనగ పండించే మన జిల్లాలవారు కాయను బాగా ఎండబెట్టి నిలువచేయవలె. చెక్క కొనేటప్పుడు ఈ పరీక్ష ప్రత్యేకంగా అడగవలె. బూజు పట్టిన చెక్కను మనం తినం కదా అని గేదెకు వేయడం మన పిల్లల పాలలో విషం కలపడమే.

చివరకు ధర లెక్క. ఉదాహరణకు మాత్రమే చెబుతున్నాను. కిలో 30 రూపాయల చెక్కలో 40 శాతం మాంసకృత్తులున్నవి. కిలో 24 రూపాయల చెక్కలో 24 శాతం ఉన్నవి. చూపుకు రెండవది చవక. కాని 30ని 0.40 చేత భాగిస్తే కిలో మాంసకృత్తులు 75 రూపాయలకు వచ్చినవి. 24ని 0.24 చేత భాగిస్తే 100 రూపాయలు పడినవి. మాంసకృత్తుల కోసమే కొంటున్నట్టయితే సంచి ధర కాక ఈ ధర చూడండి.

ఒక్క రైతు పరీక్ష చేయించడం బరువనిపిస్తే, పాల సంఘం సభ్యులు పదిమంది కలిసి ఒకే సరుకు కొని, ఒకే నమూనా తీసి పంపించవచ్చు. పశువైద్య కళాశాలల పోషణ విభాగాలలోను, పెద్ద పాల సహకార సంఘాలలోను ఈ పరీక్షలకు ప్రయోగశాలలు ఉన్నవి. మీ పశువైద్యుని అడిగితే దగ్గరలో ఉన్నది ఎక్కడో చెబుతారు. చీటీ వచ్చినప్పుడు దాచిపెట్టక పదిమంది ముందు చదవండి. తేమ ఎంత, ఇసుక ఎంత, మాంసకృత్తులలో యూరియా ఉన్నదా, పీచు ఎట్టిది అని వరుసగా అడగండి. అడిగే రైతుకు కల్తీ సరుకు అమ్మడానికి వర్తకుడు జంకుతాడు.

అంకెలు కాగితం మీద, ఫలితం పాలకుండలో. ఈ రెండూ కలవకపోతే కారణం వెదకండి. నమూనా తప్పా, సరుకు తప్పా, మేత పెట్టే తీరు తప్పా చూడండి. తప్పక దొరుకుతుంది.